గొంతు ఎనకాల గొంతు: రికార్డింగ్‌కి డీఎస్పీ పెట్టె ఇంకా అవసరమా?

గత నెలలో ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకుని భక్తి పాటలు, పెళ్లి పాటలు, జానపదాలు రికార్డు చేస్తున్నాడు. చేతిలో లక్షన్నర ఉంది. "అన్నా, లోపల డీఎస్పీ ఉండే సౌండ్ కార్డు తీసుకోవాల్నా, లేకుంటే ల్యాప్‌టాప్ మార్చాల్నా? ఎవురిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తాండారు" అన్నాడు. డీఎస్పీ అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్, ధ్వని లెక్కలు చేసే చిప్.

అనంతపురంలో నా చిన్న స్టూడియోకి వచ్చే వాళ్లూ, కర్నూలు, కడప నుంచి ఫోన్ చేసే వాళ్లూ కొన్నేళ్లుగా ఇదే అడుగుతున్నారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పి పెట్టేస్తే తప్పు సలహా అవుతుంది. ఎందుకంటే అది చూడటానికి ఒకటే ప్రశ్న, లోపల మూడు నాలుగు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఆ చిక్కు విప్పితే ఎవరి జవాబు వాళ్లకే దొరుకుతుంది. డబ్బు కష్టపడి కూడబెట్టుకున్నది కాబట్టి ఓపిగ్గా చూద్దాం.

ముందు పేర్ల గందరగోళం తీరాలి. మన దగ్గర స్టూడియోలో కంప్యూటర్‌కి తగిలించే ప్రతి పెట్టెనూ "సౌండ్ కార్డు" అనేస్తాం. మైక్ నుంచి వచ్చే సన్నటి కరెంటును అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇవ్వడం, కంప్యూటర్ ఇచ్చిన అంకెలను మళ్లీ శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్‌కి పంపడం అసలు సౌండ్ కార్డు పని. అది లేకుండా రికార్డింగే లేదు, దాని మీద చర్చ అక్కర్లేదు. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న పాతకాలపు ప్రీయాంప్‌లు (మైక్ శబ్దాన్ని పెంచేవి), కంప్రెసర్లు (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించేవి) వేరే జాతి. వాటిలో అంకెలు ఉండవు, కరెంటే ఉంటుంది. వాటి సంగతి ఇక్కడ ఎత్తుకోను. డీఎస్పీ అనేది మూడోది. ధ్వనికి సంబంధించిన లెక్కలు చేయడానికే తయారైన చిప్ అది. రివర్బ్ (ప్రతిధ్వని) వేయడం, కంప్రెస్ చేయడం, ఈక్యూ (బేస్, ట్రెబుల్ పాళ్లు) మార్చడం అన్నీ చివరికి కూడికలు, గుణకారాలే. కొన్నిసార్లు ఆ చిప్ సౌండ్ కార్డు లోపలే ఉంటుంది, కొన్నిసార్లు విడిగా పెట్టెలోనో కంప్యూటర్‌లో గుచ్చే కార్డు మీదనో ఉంటుంది. మనం ఎక్కువ డబ్బు పోసేది దానికే.

ఇప్పుడు ఆ చిప్ ఎందుకు పుట్టిందో చూడాలి.

1991లో డిజిడిజైన్ కంపెనీ ప్రో టూల్స్ అనే రికార్డింగ్ వ్యవస్థ తెచ్చినప్పుడు అందులో 4 ట్రాక్‌లే (ఒక్కో గొంతునో వాయిద్యాన్నో విడిగా రికార్డు చేసే వరుసలు) ఉన్నాయి, ధర 6,000 డాలర్లు. అప్పటి కంప్యూటర్ ప్రాసెసర్‌కి ఆ నాలుగు ట్రాక్‌లు మోయడం కూడా శక్తికి మించిన పని. అందుకే లెక్కలన్నీ విడిగా ఒక కార్డు మీద డీఎస్పీ చిప్‌లకు అప్పగించారు. 1996లో స్టెయిన్‌బర్గ్ కంపెనీ క్యూబేస్ వీఎస్‌టీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి, ఎఫెక్టులు కంప్యూటర్ సొంత ప్రాసెసర్ మీదే నడుస్తాయని చూపించింది. నడిచాయి గానీ, రెండు మూడు రివర్బ్‌లు వేస్తే కంప్యూటర్ ఆయాసపడేది. 2001లో యూనివర్సల్ ఆడియో వాళ్ల యూఏడీ-1 కార్డు వచ్చింది. దాని మీద ఉన్న చిప్ మొదట వీడియో కార్డుల కోసం చేసింది. లెక్కలు వేగంగా చేసే చిప్ ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చి పాటకు వాడుకున్న రోజులవి.

ఆ తర్వాత ప్రాసెసర్లు పెరుగుతూ పోయాయి. 2010లో ప్రో టూల్స్ 9 వచ్చినప్పుడు సొంత పెట్టె ఉండాలన్న షరతు ఎత్తేశారు. పెట్టెలు అమ్మి ఎదిగిన వాళ్లే "ఏ సౌండ్ కార్డుతోనైనా నడుపుకోండి" అన్నారంటే గాలి ఎటు తిరిగిందో అర్థమవుతుంది. 2011లో టీసీ ఎలక్ట్రానిక్ తన పవర్‌కోర్ డీఎస్పీ పెట్టెలను ఆపేసింది. 2020 నవంబరులో ఆపిల్ ఎం1 చిప్ వచ్చాక ఫ్యాన్ కూడా లేని ల్యాప్‌టాప్ పదుల కొద్దీ ట్రాక్‌లను ఎఫెక్టులతో సహా మోయడం మొదలైంది. ఇంటెల్, ఏఎండీ చిప్‌లూ అంతే. 2022లో యూనివర్సల్ ఆడియోనే తన ప్లగిన్లలో (సాఫ్ట్‌వేర్ రూపంలో ఉండే ఎఫెక్టులు) కొన్నింటిని ఏ పెట్టె లేకుండా నేరుగా కంప్యూటర్ మీద నడిచేలా ఇచ్చింది.

కాబట్టి "శక్తి చాలదు, అందుకే డీఎస్పీ కావాలి" అన్న మొదటి కారణానికి కాలం చెల్లింది. మన ప్రాంతంలో తయారయ్యే పాటల్ని చూడండి. కీబోర్డు, తబలా లేదా ప్యాడ్, ఒక ఫ్లూటు, నాలుగు గొంతులు, కోరస్. మొత్తం 30, 40 ట్రాక్‌లు. గత ఐదారేళ్లలో వచ్చిన మధ్యరకం ల్యాప్‌టాప్‌కి అది బరువే కాదు. ఎప్పుడైనా బరువైతే, పని పూర్తయిన ట్రాక్‌ని ఫ్రీజ్ చేస్తే చాలు. దాని లెక్కలు ఒకసారి చేసి ఫైలుగా పెట్టుకుంటుంది, మళ్లీ మళ్లీ చేయదు.

"పెట్టెలో నడిచే ప్లగిన్ సౌండే వేరు"

ఈ మాట కర్నూలులో ఒక మిత్రుడు చాలా గట్టిగా అంటాడు. అతని చెవి మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఈ మాటను తేలిగ్గా తీసుకోను. కానీ లెక్క లెక్కే. 2ను 3తో గుణిస్తే డీఎస్పీ చిప్‌లోనూ 6 వస్తుంది, ల్యాప్‌టాప్‌లోనూ 6 వస్తుంది. ఒకే ప్రోగ్రాం రెండు చోట్లా నడిస్తే వచ్చే శబ్దం ఒకటే. చాలా చిన్న దశాంశాల దగ్గర తేడా వస్తే రావచ్చు, అది చెవికి అందే స్థాయిలో ఉండదు.

నమ్మకం లేకపోతే మీరే చూసుకోవచ్చు. ఒకే పాటను ఒకే సెట్టింగులతో పెట్టెలో ఉన్న ప్లగిన్ నుంచి ఒకసారి, అదే కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ వెర్షన్ నుంచి ఒకసారి ఫైలుగా తీయండి. రెండూ పక్కపక్కన సరిగ్గా ఒకే చోట మొదలయ్యేలా పెట్టి, ఒకదాని ఫేజ్ తిరగేయండి, అంటే శబ్ద తరంగాన్ని తలకిందులు చేయండి. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. టేప్ లాంటి వాటిని అనుకరించే ప్లగిన్లలో కావాలనే కొంచెం గజిబిజి కలుపుతారు, అక్కడ పూర్తి నిశ్శబ్దం రాదు. మామూలు ఈక్యూ, కంప్రెసర్‌తో చేసి చూడండి. ఒక మధ్యాహ్నం పని. చెవి తేల్చలేని వాదం ఇక్కడ తేలిపోతుంది.

మరి ఆ పెట్టెల ప్లగిన్లకు అంత పేరు ఎందుకు వచ్చింది? వాటిని రాసిన వాళ్ల శ్రద్ధ వల్ల. 1967లో వచ్చిన 1176 కంప్రెసర్ లాంటి పరికరాలను విప్పి, ఒక్కో భాగం కరెంటుతో ఎలా ప్రవర్తిస్తుందో కొలిచి, దాన్ని లెక్కల్లోకి తెచ్చారు. గొప్పతనం ఆ లెక్క రాసిన వాళ్లది. చిప్ ఆ లెక్కను నడిపిన బండి. అప్పట్లో ఆ బండి తప్ప ఇంకోటి లేదు కాబట్టి పేరంతా బండికి వెళ్లింది. ఇంకో లాభం కూడా కంపెనీలకు ఉండేది: పెట్టె లేనిదే ప్లగిన్ నడవదు కాబట్టి దొంగ కాపీలు తిరగవు. ఆ లాభం వాళ్లది, మనది కాదు.

చెంబు, బిందె

ఇప్పుడు అసలు విషయం. డీఎస్పీకి రెండో కారణం ఒకటుంది. అది ఇంకా చావలేదు.

కొన్నేళ్ల కింద ఒక చెక్కభజన పెద్దాయన మా దగ్గర పాడటానికి వచ్చాడు. కంచు గొంతు. వీధిలో నిలబడి పాడితే ఊరి చివరి దాకా వినబడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టి పల్లవి ఎత్తుకున్నాడు, రెండో పాదానికే ఆగిపోయాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగాడు. హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని, "సామీ, నా గొంతు నా ఎనకాల వస్తాంది" అన్నాడు. సాంకేతిక పుస్తకాల్లో లేటెన్సీ (శబ్దం చేరడంలో ఆలస్యం) అనే దాన్ని ఇంత బాగా చెప్పిన వాళ్లను నేను చూడలేదు.

ఎందుకు వస్తుంది వెనకాల? శబ్దం కంప్యూటర్‌లోకి ధారగా పోదు. ముక్కలు ముక్కలుగా పోతుంది. సెకనుకు 48,000 నమూనాలు తీస్తాం. వాటిలో కొన్ని పోగయ్యాక ఒక్కసారిగా కంప్యూటర్ చేతికి ఇస్తాం. ఆ పోగునే బఫర్ అంటారు. వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు బిందె పెడితే అది నిండే దాకా నిలబడాలి. కానీ ఒక్కసారి ఇంటికి తీసుకెళ్తే చాలాసేపు మళ్లీ రానక్కర్లేదు. చెంబు పెడితే చటుక్కున నిండుతుంది, నీళ్లు తొందరగా ఇల్లు చేరతాయి, కానీ ఊపిరి ఆడకుండా తిరుగుతూనే ఉండాలి. ఒక్క విడత ఆలస్యమైనా ఇంట్లో నీళ్లు ఆగిపోతాయి. శబ్దంలో అలా ఆగడమే మనకు వినిపించే "టక్" చప్పుడు.

అంకెల్లో చూద్దాం. 64 నమూనాల బఫర్ నిండటానికి 1.33 మిల్లీసెకన్లు పడుతుంది. 128కి 2.67. 256కి 5.33. 512కి 10.67. 1024కి 21.3. లోపలికి ఒకసారి, బయటకు ఒకసారి, అంటే దీన్ని రెండింతలు చేయాలి. దానికి తోడు శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే సమయం, యూఎస్‌బీ డ్రైవర్ (పెట్టెను కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) జాగ్రత్త కోసం పట్టి ఉంచే కాస్త సమయం కలుస్తాయి. ఆ పెద్దాయన వచ్చిన రోజు మా బఫర్ 512 మీద ఉంది. పోను రాను 21 మిల్లీసెకన్లకు పైనే. ఆయన ఆగిపోవడంలో తప్పేముంది?

ఇక్కడ నన్ను చాలా కాలం ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్లలో సుమారు 3.4 మీటర్లు, పదకొండు అడుగులు. చెక్కభజనలో రెండు వరుసల మధ్య, కోలాటంలో వలయానికి ఆ పక్కన ఈ పక్కన అంతకంటే ఎక్కువ దూరమే ఉంటుంది. అవతలి వాళ్ల చెక్కల చప్పుడు 20, 25 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరినా తాళం తప్పదు. మరి అదే ఆలస్యం హెడ్‌ఫోన్‌లో ఎందుకు భరించలేం? ఎందుకంటే అక్కడ వినేది ఎదుటివాళ్ల శబ్దం. కళ్లెదుట వాళ్ల అడుగు కనిపిస్తుంది, దూరం నుంచి వస్తున్న శబ్దమని మెదడుకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. హెడ్‌ఫోన్‌లో వినేది సొంత గొంతు. పాడేవాళ్లకు తమ గొంతు ఎముకల గుండా ఏ ఆలస్యమూ లేకుండా ముందే లోపలి చెవికి చేరిపోతుంది. తర్వాత హెడ్‌ఫోన్ నుంచి వచ్చేది రెండో కాపీ.

ఆ రెండు కాపీలు కలిసినప్పుడు ఇంకో చిక్కు ఉంది. తేడా 2 మిల్లీసెకన్లే అయినా 250 హెర్ట్‌జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మళ్లీ 750 దగ్గర, 1,250 దగ్గర. గొంతులో నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. అందుకే కొంతమంది గాయకులు "ఆలస్యం ఏం లేదు గానీ, గొంతు డొల్లగా వినిపిస్తోంది" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. అది వాళ్ల చాదస్తం అనుకుని విసుక్కునే ఇంజినీర్లను చూశాను, బాధేస్తుంది.

డీఎస్పీ ఉన్న సౌండ్ కార్డు ఈ బాధను ఎలా తగ్గిస్తుందంటే, గొంతును కంప్యూటర్ దాకా పంపదు. మైక్ నుంచి వచ్చిన అంకెలను పెట్టెలోనే ఉన్న చిప్ పట్టుకుని, రివర్బో కంప్రెసరో కలిపి, అక్కడి నుంచే హెడ్‌ఫోన్‌కి ఇచ్చేస్తుంది. ట్యాంకర్ దగ్గరే కుళాయి పెట్టుకున్నట్టు. ఆలస్యం రెండు మూడు మిల్లీసెకన్లలోపే ఉంటుంది. పైగా ఆ చిప్‌కి వేరే పని లేదు. ల్యాప్‌టాప్ అలా కాదు, ఒకపక్క వై-ఫై చూసుకోవాలి, ఒకపక్క అప్‌డేట్ దించుకోవాలి, మధ్యలో యాంటీవైరస్ లేస్తుంది. సగటున ఎంత వేగంగా ఉన్నా, సరిగ్గా ఆ ఒకటిన్నర మిల్లీసెకనులో చేయి ఖాళీగా ఉంటుందన్న హామీ దానికి లేదు. డీఎస్పీ బలం వేగంలో లేదు, ఆ హామీలో ఉంది.

అదే పెట్టె ఆలస్యాన్ని పెంచే చోటు కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. పాట పాడించడం అయిపోయి మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు, డీఎస్పీ మీద నడిచే ప్లగిన్‌ను ట్రాక్ మీద వేస్తే, శబ్దం కంప్యూటర్ నుంచి పెట్టెకి వెళ్లి, లెక్క చేయించుకుని మళ్లీ వెనక్కి రావాలి. దానికి ఇంకో విడత బఫర్ సమయం. సాఫ్ట్‌వేర్ మిగతా ట్రాక్‌లను కూడా అంతసేపు ఆపి సరిచేస్తుంది కాబట్టి మిక్సింగ్‌లో నష్టం లేదు. కానీ అప్పుడు "ఇంకో రెండు లైన్లు పాడదాం" అని మైక్ ముందుకు వెళ్తే గొంతు వెనకాల పడుతుంది. "డీఎస్పీ ఉంది, అయినా లేటెన్సీ వస్తోంది" అని ఫోన్ చేసేవాళ్లలో సగం మంది సమస్య ఇదే. పెట్టెతో వచ్చిన మిక్సర్ సాఫ్ట్‌వేర్‌లో వేయాల్సిన ఎఫెక్టును రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ట్రాక్ మీద వేస్తారు.

పైసా ఖర్చు లేని దారి

ఆ పెద్దాయనను నేను ఆ రోజు ఎలా పాడించానంటే, ఒక చెవి హెడ్‌ఫోన్ తీసేసి పాడమన్నాను. పాడాడు. కానీ అది చేతకాని ఇంజినీరింగ్ అని నాకు తెలుసు. తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది, ఇప్పుడు మా దగ్గర ప్రతి పాటా ఇలాగే రికార్డు అవుతుంది.

దాదాపు ప్రతి సౌండ్ కార్డులో, ఎంత చవకదైనా, డైరెక్ట్ మానిటర్ అని ఒక మీటో నాబో ఉంటుంది. అది నొక్కితే మైక్ శబ్దం కంప్యూటర్‌కి పోకముందే నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది. ఆలస్యం ఉండీ లేనట్టే. అయితే ఆ గొంతు పొడిగా, గదిలో ఒక్కడే కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. అలా పాడమంటే గాయకులకు మనసు రాదు, రివర్బ్ కావాలంటారు. న్యాయమైన కోరిక. చాలామంది ఇక్కడే "అందుకే డీఎస్పీ కావాలి" అంటారు.

కానీ రివర్బ్ అంటే ఏమిటి? గోడలకు తగిలి వెనక్కి వచ్చిన శబ్దం. అది స్వభావం చేతనే ఆలస్యంగా రావాలి. పెద్ద గుడి మండపంలో పాడితే మొదటి ప్రతిధ్వని 20 మిల్లీసెకన్ల తర్వాత చేరడం మామూలు. అంటే రివర్బ్‌ను మాత్రం కంప్యూటర్ నుంచి తెచ్చుకుంటే, ఆ ఆలస్యం లోపం కాదు, రివర్బ్‌లో భాగమైపోతుంది. చేయాల్సింది ఇంతే: పొడి గొంతు డైరెక్ట్ మానిటర్ నుంచి రావాలి. సాఫ్ట్‌వేర్‌లో మైక్ ట్రాక్‌ను రికార్డుకి పెట్టి, దాని నుంచి ఒక సెండ్ (శబ్దం కాపీని పంపే దారి) రివర్బ్‌కి ఇవ్వాలి. సెండ్‌ను ప్రీ-ఫేడర్ మీద (ఫేడర్ దించినా సెండ్ ఆగకుండా) ఉంచి, ట్రాక్ ఫేడర్, అంటే సౌండ్ పెంచే తగ్గించే మీట, పూర్తిగా దించేయాలి. రివర్బ్ ప్లగిన్‌లో పొడి శబ్దం సున్నా, తడి శబ్దం నూరు శాతం పెట్టాలి. అప్పుడు కంప్యూటర్ నుంచి ప్రతిధ్వని ఒక్కటే వస్తుంది. గాయకులకు గొంతు ముందు, గుడి వెనక. బఫర్ 256 మీద ఉన్నా ఎవరికీ ఇబ్బంది రాదు.

ఇది తెలిశాక, పాట పాడించడం వరకే మీ పని అయితే, డీఎస్పీకి పెట్టే డబ్బు నా లెక్కలో అనవసరం.

మరి ఎవరికి కావాలి? ఎఫెక్ట్ లేకుండా వాయించడమే కుదరని వాళ్లకు కావాలి. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకు యాంప్ శబ్దం లేని పొడి తీగ వినిపిస్తే చేయి ఆడదు. ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే ఎఫెక్టు) వేసిన గొంతు వింటూ పాడే అలవాటు ఉన్న కుర్రాళ్లకూ అంతే. వాళ్లకు పొడి శబ్దం ఇచ్చే దారి పనికిరాదు. అయినా ముందు బఫర్ 64కి దించి చూడమంటాను. మంచి డ్రైవర్ ఉన్న సౌండ్ కార్డుతో, ఇప్పటి ల్యాప్‌టాప్‌తో, మిగతా ట్రాక్‌లను ఫ్రీజ్ చేసి పెడితే చాలామందికి అదే సరిపోతుంది. సరిపోకపోతే అప్పుడు డీఎస్పీ.

పెద్ద స్థాయిలో ఇంకా తప్పనిసరి. సినిమా నేపథ్య సంగీతానికి యాభై మంది వాయిద్యకారులు కూర్చుంటే ఒక్క "టక్" వచ్చినా అందరి టేకూ పోతుంది. ప్రో టూల్స్ ఇప్పుడు అవిడ్ కంపెనీది, దాని హెచ్‌డీఎక్స్ కార్డు మీద 18 డీఎస్పీ చిప్‌లు ఉంటాయి. అలాంటివి పెద్ద ఊళ్లలోని పెద్ద స్టూడియోల అవసరం, మనది కాదు.

వేదిక సంగతి మాత్రం వేరు, ఇది మన సీమకు బాగా వర్తిస్తుంది. జాతరలో, ఉత్సవంలో సౌండ్ సర్వీస్ వాళ్లు తెచ్చే డిజిటల్ మిక్సర్ నిండా ఉన్నది డీఎస్పీయే. అక్కడ ల్యాప్‌టాప్‌ను నమ్ముకుని ఎవరూ పాట నడపరు, నడపకూడదు. ఆ మిక్సర్లలో చాలావాటికి యూఎస్‌బీ ఉంటుంది. బెరింజర్ ఎక్స్‌ఆర్18 లాంటి చిన్నది కూడా 18 చానళ్లను విడివిడిగా కంప్యూటర్‌కి ఇస్తుంది, ఎక్స్32 అయితే 32 చానళ్లు. అంటే అదే సౌండ్ కార్డు, అదే డీఎస్పీ. మా అనంతపురం వైపు ఉరుముల బృందాలను రికార్డు చేయాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఉరుము వాయిద్యానికి ఒక పక్క దెబ్బ, ఇంకో పక్క వంకర పుల్లతో చర్మాన్ని రాస్తే వచ్చే మూలుగు. రెండింటికీ రెండు మైక్‌లు కావాలి. నాలుగు ఉరుములుంటే ఎనిమిది. పాడేవాళ్లు, తాళం వేసేవాళ్లు వేరే. తాళం వాయించే మనిషికి తన తాళం కంటే పాట ఎక్కువ వినబడాలి, పాడే మనిషికి ఇంకోలా. ఒక్కొక్కరికీ ఒక్కో మిక్స్ తెలిసేంత ఆలస్యం లేకుండా ఇచ్చేది ఆ మిక్సర్‌లోని చిప్పే. స్టూడియోల కోసమని అమ్మే ఖరీదైన డీఎస్పీ పెట్టె కంటే, వేదిక కోసం చేసిన మిక్సర్ ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. అద్దెకూ దొరుకుతుంది.

అటక మీద పెట్టె

నేనూ ఒకప్పుడు పెట్టె కొన్నవాడినే. 2014లో బెంగళూరు వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో 45 వేలు పెట్టి ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటి పాత రకం పోర్టు) డీఎస్పీ పెట్టె ఒకటి తెచ్చుకున్నాను. అప్పట్లో నా కంప్యూటర్ రెండు రివర్బ్‌లకే చేతులెత్తేసేది, అందుకని ఆ కొనుగోలు తప్పనుకోను. ఐదేళ్లు మంచి పని చేసింది. దాని మీద నడిచే ప్లగిన్లు కూడా ఒక్కొక్కటిగా కొన్నాను. తర్వాత ల్యాప్‌టాప్ మార్చాల్సి వచ్చింది. కొత్తదానికి ఫైర్‌వైర్ పోర్టే లేదు. కొత్త విండోస్‌కి డ్రైవర్ ఎప్పుడొస్తుందని కంపెనీకి రాస్తే, ఇక రాదని జవాబొచ్చింది. పెట్టె పాడవలేదు. ఇప్పటికీ స్విచ్ వేస్తే లైట్లన్నీ వెలుగుతాయి. కానీ దానితో మాట్లాడే కంప్యూటర్ నా దగ్గర లేదు, దాంతో పాటే నేను కొన్న ప్లగిన్లన్నీ పోయాయి. అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఆ ప్లగిన్లతో మిక్స్ చేసిన పాత పాటల ప్రాజెక్టులు తెరిస్తే సగం ట్రాక్‌లు ఖాళీగా వస్తాయి.

మంచి మైక్ ముప్పై ఏళ్లయినా మైకే. వాల్వు కంప్రెసర్ వాల్వు మారిస్తే మళ్లీ పాడుతుంది. డీఎస్పీ పెట్టె ఆయుష్షు మాత్రం దాని చేతిలో లేదు. పోర్టు, డ్రైవర్, కంపెనీ ఆసక్తి, ఈ మూడింటిలో ఏది పోయినా అది అటకెక్కుతుంది. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తున్న పెట్టెలను చూసి ఆశపడే వాళ్లు ముందు చూడాల్సింది ఇదే. ఏ పోర్టు మీద నడుస్తుంది, ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి డ్రైవర్ ఉందా, ప్లగిన్ల లైసెన్సు పాత యజమాని నుంచి మీ పేరుకి మారుతుందా? ఈ మూడింటికీ "అవును" అని రాతపూర్వకంగా తేలకపోతే వదిలేయండి.

ఇంకొకటి, మన ఎండలు. ఏప్రిల్, మేలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు. రికార్డింగ్ చేసేటప్పుడు చప్పుడు పడుతుందని ఏసీ, ఫ్యాన్ ఆపేస్తాం. ఇరవై నిమిషాల్లో గది ఉడికిపోతుంది. ల్యాప్‌టాప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటిదాకా బాగా నడిచిన పాటలో ఉన్నట్టుండి చిటపటలు మొదలవుతాయి. దీన్ని చూసి "ప్రాసెసర్ చాలడం లేదు, డీఎస్పీ కొనాలి" అనుకుంటారు. ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టి, గది బయటికి జరిపి, పొడవాటి కేబుల్ లాగండి. లోపలి దుమ్ము దులిపించండి. రెండు టేకుల మధ్య ఐదు నిమిషాలు ఏసీ వేయండి. డీఎస్పీ పెట్టెలు కూడా వేడెక్కుతాయి, వాటికీ గాలి కావాలి. కరెంటు సంగతి వేరే చెప్పాలా? వోల్టేజి ఊగిసలాడే చోట మంచి యూపీఎస్ కొన్నాకే ఏ పెట్టె గురించైనా ఆలోచించాలి.

ప్రొద్దుటూరు కుర్రాడి దగ్గరికి వస్తాను. కొనడం గురించి మాట్లాడకముందు అతన్ని మూడు పనులు చేయమన్నాను. ల్యాప్‌టాప్ వై-ఫై ఆపి, చార్జర్ పెట్టి, పవర్ సెట్టింగు పూర్తి వేగం మీద ఉంచి, బఫర్ 128 మీద పాడించి చూడమన్నాను. రివర్బ్ పద్ధతి చెప్పాను. గదిలో చప్పట్లు కొట్టి ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నాను. మొదటి రెండూ ఆ రాత్రే కుదిరాయి. చప్పట్ల రికార్డు వింటే మాత్రం గది గిన్నెలో గోళీ తిరిగినట్టు మోగుతోంది. టైల్స్ నేల, నాలుగు వైపులా ఉత్త గోడలు. ఏ డీఎస్పీ ఆ మోతను తీయలేదు, మైక్‌లోకి ఎక్కిన గది పాటలోనే ఉండిపోతుంది.

లక్షన్నరలో కొంత శబ్దాన్ని పీల్చే రాక్‌వుల్ పలకలకు, చెక్క ఫ్రేములకు, మందపాటి పరదాలకు పోయింది. ఇంకొంత యూపీఎస్‌కి, ఒక మంచి కండెన్సర్ మైక్‌కి. పాత సౌండ్ కార్డు అలాగే ఉంది. మిగిలిన డబ్బు దాచిపెట్టాడు. వచ్చే నెలలో మైదుకూరు వైపు ఒక చెక్కభజన బృందాన్ని వాళ్ల ఊరి గుడి ముందరే రికార్డు చేయాలని ఉందట. పద్నాలుగు మంది. డిజిటల్ మిక్సర్ రెండు రోజులకు అద్దెకు మాట్లాడుకున్నాడు. నిన్న రాత్రి ఫోన్‌లో కూర్చుని లెక్క వేశాం. గురువుకి ఒక మైక్, మద్దెలకు రెండు, హార్మోనియానికి ఒకటి, చెక్కలు వాయించే వాళ్లకు పై నుంచి నాలుగు. ఎగురుతూ వాయించే వాళ్లు హెడ్‌ఫోన్‌తో తిరగలేరు కాబట్టి హెడ్‌ఫోన్లు గురువుకి, మద్దెల వాయించే ఆయనకే. మిగతా వాళ్లకు గురువు గొంతు గాలిలోనే అందుతుంది, ఇన్నేళ్లూ అందినట్టే.